కలబోసిన బియ్యం

ఇప్పుడు మా ఇంట్లో అన్నం సమంగా ఉడుకుతోంది. ఎసరు మరిగాక బియ్యం పోస్తాను, పొంగు రాగానే మంట తగ్గిస్తాను, గంజి వారుస్తాను. మూత తీస్తే మెతుకు మెతుకూ ఒకేలా ఉంటుంది. మా ఆయన జయపాల్ కంచం ముందు కూర్చుని, తల వంచి ప్రార్థన చేసుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమలకుండా ఆగుతాడు. దేనికోసం ఆగుతున్నాడో నాకు తెలుసు. పంటికి పలుకు తగులుతుందేమోనని. తగలదు. అప్పుడు గబగబా నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటాడు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచి మొన్న వానలు మొదలయ్యేదాకా ఇలా ఉండేది కాదు. మా కుండలో ఒక గింజ ముద్దయిపోయేది, దాని పక్క గింజ రాయిలా ఉండేది. ఎసరు ఎక్కువ పెడితే సగం గంజిలో కరిగేది, తక్కువ పెడితే సగం పలుకు మీద దిగేది. నాకు వంట రాదని మా పుట్టింటి వాళ్ళు కూడా అనుకున్నారు. మా అమ్మాయి జాస్మిన్ చిన్నప్పుడు కంచంలో వేలు పెట్టి తిప్పుతూ, "నానమ్మా, ఈ అన్నంలో మన పేట మొత్తం హాజరైందే!" అని వెక్కిరించేది.

"అందుకేగా నీకు బలం. పేట మొత్తం మోస్తోంది నిన్ను. తిను," అనేది మా అత్తయ్య.

మా అత్తయ్య పేరు వీరమ్మ. ఆమె గురించే ఇది రాస్తున్నాను. నాకు చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పర్చూరు నుంచి లోపలికి వెళ్తే మా ఊరు. చుట్టూ పత్తి, మిరప. మా పేటలో అందరం క్రైస్తవులం. మా ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. ఏ పూటైనా ఎసట్లో బియ్యం పోసేముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తాం. ఆ గుప్పెడు దేవుడిది. శనివారం సాయంత్రం కుండ దించి, ఆ బియ్యం సంచిలో పోసుకుని, ఆదివారం చర్చికి పట్టుకెళ్తాం. అక్కడ అందరివీ ఒకే గోనెలో పోస్తాం. రేషను దొడ్డు బియ్యం వండుకునే వాళ్ళవి, బీపీటీ సన్నబియ్యం కొనుక్కునే వాళ్ళవి, కొత్తవి, పాతవి, నూకలు, అన్నీ కలిసిపోతాయి. పూర్వం ఆరాధన అయ్యాక ఆ గోనెను వేలం వేసేవాళ్ళట. సమంగా ఉడకదు కాబట్టి ఎవరూ అన్నానికి కొనేవాళ్ళు కారు. పిండి పట్టించుకోవడానికో, కోళ్ళకి వేయడానికో పట్టుకెళ్ళేవాళ్ళు.

అది చూడలేక మా అత్తయ్య లేచి, "అయ్యగారూ, దేవుడి పేరన తీసిన గింజ కోళ్ళు తినడమేందండీ? అమ్మానాన్న లేని పిల్లలకి పెడదాం," అని అడిగింది. నేను అప్పటికి ఈ ఊరు రాలేదు. పాస్టరు అయ్యగారు ఒప్పుకున్నారు. ఆ రోజు నుంచి బియ్యం గోనె బాధ్యత మా అత్తయ్యదే అయింది.

ఆమెకి ఆ మాట ఎందుకు వచ్చిందో చెప్పాలి. అత్తయ్యది నిజాంపట్నం వైపు సముద్రం ఒడ్డు పల్లె. ఉప్పెన వచ్చిన ఏడాది ఆమెకి పదేళ్ళు. తాడిచెట్టు పట్టుకుని తనొక్కతే మిగిలింది. తర్వాత ఎవరో తీసుకెళ్ళి మిషన్ బోర్డింగులో వేశారు. పెళ్ళయ్యేదాకా అక్కడే పెరిగింది. బోర్డింగు గురించి ఒక్క చెడ్డమాట కూడా ఆమె నోట నేను వినలేదు. "వాళ్ళు పెట్టబట్టే బతికాను," అనేది. కాకపోతే అక్కడ గంట కొట్టేవాళ్ళు, పిల్లలందరూ రేకు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు. ఆలస్యమైతే అడుగు మిగిలేది. పక్కవాడు లాక్కునేవాడు. అందుకని అత్తయ్య ఎడమచెయ్యి కంచం చుట్టూ గోడలా పెట్టుకుని, తల దించుకుని, గబగబా తినేది. అరవై దగ్గర పడినా ఆ చెయ్యి అక్కడినుంచి తీయలేదు. జాస్మిన్ ఎన్నోసార్లు, "నానమ్మా, నీ అన్నం ఎవరూ ఎత్తుకుపోరు, చెయ్యి తియ్యి," అని నవ్వేది. ఆమె కూడా నవ్వి చెయ్యి తీసేది. రెండు ముద్దలయ్యేసరికి చెయ్యి మళ్ళీ అక్కడికే వచ్చేది.

అందుకే పిల్లల్ని ఎక్కడికీ పంపకుండా, వాళ్ళ మనుషుల దగ్గరే ఉంచి, ఆ ఇంటికి బియ్యం చేరవేయాలన్నది ఆమె పట్టుదల. "పిల్ల ఇంట్లో తినాలే శాంతీ, వరసలో కాదు," అనేది నాతో.

మొదట్లో చర్చి బియ్యమే తీసుకెళ్ళి ఇచ్చేది. మా పేట పెద్ద దానయ్య గారి తమ్ముడి కూతురు ఒకతి, తల్లీతండ్రీ లేక, వాళ్ళింట్లో పెరిగేది. ఒకరోజు అత్తయ్య ఆ ఇంటికి వెళ్తే పొయ్యి మీద రెండు కుండలున్నాయట. పెద్దదాంట్లో సన్నన్నం. చిన్నదాంట్లో ఈ కలబోసిన బియ్యం.

"రెండెందుకే?" అని అడిగింది.

దానయ్య గారి భార్య బిత్తరపోయి, "ఈ చిన్నది పాపది వదినా. చర్చి వాళ్ళు దానికిచ్చింది దానికే పెట్టాలిగా. దేవుడి బియ్యం మా పిల్లలు ముట్టుకుంటే మాకు పాపం కాదూ?" అంది.

ఆవిడది పిసినారితనం కాదు, భయం. భక్తితోనే ఆ పిల్లకి వేరే కుండ పెట్టింది. ఇంట్లో నలుగురు పిల్లలు కూర్చుంటే ముగ్గురికి మల్లెపువ్వుల్లాంటి అన్నం, ఒకదానికి ముద్దా పలుకూ. ఎవరు ఎవరో చెప్పకుండానే చెప్పేస్తున్నాయి ఆ కంచాలు.

అత్తయ్య ఏమీ అనకుండా ఇంటికి వచ్చింది. ఆ తర్వాతి ఆదివారం చర్చి గోనెలోంచి ఆ పిల్ల వంతు బియ్యం కొలిచి మా ఇంటి డబ్బాలో పోసింది. మా డబ్బాలో ఉన్న బీపీటీ అంతే కొలిచి సంచిలో పోసింది. ఆ సంచి దానయ్య గారింట్లో దించి, "ఇవి చర్చివి కావు, మా ఇంటివి. అందరివీ ఒకటే కుండలో వండు," అని చెప్పి వచ్చింది. ఆ పిల్ల ఆ ఒక్క కుండలోనే తిని పెరిగింది. పెళ్ళి చేసుకుని చీరాలలో ఉంది. మా అత్తయ్య పోయినప్పుడు వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని లేవలేదు.

అప్పటి నుంచి మా ఇంటిది కలబోసిన బియ్యం.

కొత్తలో నాకు అనుమానం వచ్చి ఒకసారి అడిగాను. "అత్తయ్యా, దేవుడికిచ్చింది మనం తినొచ్చా?"

"నేను పెరిగిందే అది తిని. నాకేమైంది? తవ్వకి తవ్వ ఇచ్చాం. ఆయన రకం చూస్తాడంటావా?" అంది, చేటలో రాళ్ళు ఏరుకుంటూ.

మా పేట పక్కనున్న డొంక దారికి అవతల వెంకటేశ్వరమ్మ ఉంటుంది. వాళ్ళు హిందువులు, పొలం పనులు చేసుకుని బతికే మనుషులు. నాలుగేళ్ళ కిందట ఆమె కూతురూ అల్లుడూ గుంటూరు యార్డులో మిరపకాయలు దించి బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. ఇద్దరూ దారిలోనే పోయారు. ఆరేళ్ళ భవ్య అమ్మమ్మ దగ్గర మిగిలింది. చూడటానికి వచ్చిన వాళ్ళందరూ, పిల్లని ఎక్కడైనా హాస్టల్లో వేసేయమనే సలహా ఇచ్చారు. వెంకటేశ్వరమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి, రోజూ కూలికి పోలేదు. కానీ ఎవరి దగ్గరా చెయ్యి చాపని మనిషి. పైగా చర్చి బియ్యం తీసుకుంటే, తిండికోసం మతం మారిందని వాళ్ళ వీధిలో అంటారు.

అత్తయ్య రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు మిరపకాయల మూట నా నెత్తిన పెట్టి నన్ను కూడా తీసుకుని డొంక దాటింది. వెంకటేశ్వరమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏమే వెంకటేశ్వరమ్మా, నా వేళ్ళు మండిపోతన్నయ్యి. కాయలకి తొడిమలు తియ్యాలి, మా అరుగు మీదకొచ్చి నాకు తోడు కూర్చో."

"తోడుకి పిలుస్తన్నావా, జాలికి పిలుస్తన్నావా?"

"కూలికి పిలుస్తన్నా. కూలికి గింజలు."

"ఏ గింజలే? మీ చర్చి గోనెలోయా?"

"మా ఇంటి డబ్బాలోయి. ఇదిగో, చూసుకో." అత్తయ్య కొంగు ముడి విప్పి గుప్పెడు బీపీటీ ఆమె అరచేతిలో పోసింది.

వెంకటేశ్వరమ్మ బియ్యాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది, ఒక గింజ కొరికింది. "పొద్దున్నే వస్తా. మీ ఇంట్లో టీ తాగను, చెప్తన్నా," అంది.

నెల తిరక్కుండానే టీ తాగింది.

కాయలున్నన్నాళ్ళూ ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని తొడిమలు తీసేవాళ్ళు. పని లేని నెలల్లో అత్తయ్య పని పుట్టించేది. పత్తిలో చెత్త ఏరించేది, గోనెలు కుట్టించేది, చింతపండులో గింజలు తీయించేది. ఒకసారి ఇవ్వడానికి ఇంకేం దొరక్క, గింజ తీసేసిన చింతపండునే మళ్ళీ ముందు పెట్టింది. వెంకటేశ్వరమ్మ ఒక్కో రెబ్బా విప్పి చూసి, "ఏందే వీరమ్మా, మొన్న తీసిన గింజలు మళ్ళీ మొలిచినయ్యా?" అంది.

"మొలిచినయ్యేమో, చూడు మరి. చూసినందుకే కూలి."

ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు. ఆ సాయంత్రం బియ్యం సంచి మామూలుగానే డొంక దాటింది.

భవ్య బడికి వెళ్తూ రోజూ మా ఇంటి ముందు ఆగేది. అత్తయ్య అరుగు మీద కూర్చోబెట్టుకుని జడలు వేసేది. సెలవుల్లో మాతోనే తినేది. మా కలగలుపు అన్నం ఆ పిల్లకి ఒక ఆట. "నాకు పలుకు దొరికింది!" అని అరిచేది. "నాకు రెండు!" అనేది అత్తయ్య. జాస్మిన్ నర్సింగు చదువుకని గుంటూరు వెళ్ళాక ఇంట్లో పోయిన గోల మళ్ళీ వచ్చింది. నేను చూస్తుండేదాన్ని. భవ్య తినేటప్పుడు ఒక చెయ్యి అన్నంలో ఉండేది, రెండోది ఎక్కడెక్కడో తిరిగేది. గాల్లో తిప్పుతూ కబుర్లు చెప్పేది, పిల్లిని పిలిచేది, నా చీర లాగేది. ఆ చేతిని చూస్తూ అత్తయ్య ఒక్కోసారి తన ముద్ద మర్చిపోయేది.

పోయిన జూన్ నెలాఖరులో, తొలి వానకి పత్తి గింజలు పెట్టి వచ్చి అత్తయ్య గుమ్మంలో కూలబడింది. గుండె అన్నారు. ఆసుపత్రిలో ఒకే ఒక్కసారి కళ్ళు తెరిచి, "శనివారమా ఇవాళ? కుండ దించావా?" అని అడిగింది. దించాను అత్తయ్యా అన్నాను. నిజంగా దించలేదు. తెల్లవారేసరికి ఆమె లేదు.

ఆమె పోయాక రెండు మూడు వారాలు బియ్యం చర్చిలోనే పోగుపడ్డాయి. పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక పెడదామని అయ్యగారు అన్నారు. స్త్రీల సమాజం పెద్ద వెంకటరావమ్మ గారు మా ఇంటికి వచ్చారు. ఆవిడ మంచి మనిషి. అత్తయ్య శవం మా ఇంట్లో ఉన్నంతసేపూ మాకందరికీ గంజి కాచి పోసింది ఆవిడే.

"శాంతీ, కూడికలో ఒక మంచి పని అనుకున్నాం. ఆ గోనె అక్కడే ఆ డొంకవతల పాపకి అందరి ముందూ ఇద్దాం. మీ అత్త ఇన్నేళ్ళు చేసింది ఎవరికి తెలుసు చెప్పు?"

"వద్దండీ. వెంకటేశ్వరమ్మ గారు అలా తీసుకోరు. అత్తయ్య ఆమెకి చర్చి బియ్యమని ఎప్పుడూ ఇవ్వలేదు. అవి మేం వండుకుని, మావి కూలి కింద ఇచ్చేవాళ్ళం."

వెంకటరావమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. "చూశావా! ఇది కూడా చెప్పాలి అందరికీ. ఇంత సాక్ష్యం దాచిపెట్టుకుంటే ఎట్టా?"

"ఆమెకి నామర్దాగా ఉంటుందండీ."

"మనం ప్రేమతో ఇస్తుంటే నామర్దా ఏంటమ్మా? నువ్వు దుఃఖంలో ఉన్నావు, ఊరుకో. మేం చూసుకుంటాం."

నేను మా ఆయనతో చెప్పాను. ఆయన వెళ్ళి అయ్యగారితో మాట్లాడాడు. చూద్దాంలే అన్నారట.

కూడికకి వెంకటేశ్వరమ్మ వచ్చింది. పిలవకపోయినా వచ్చేదే. చర్చి లోపలికి రావడం ఆమెకి అదే మొదటిసారి. చెప్పులు బయట విప్పి, భవ్య చెయ్యి పట్టుకుని, వెనక గోడకి ఆనుకుని నిలబడింది. పాటలయ్యాయి, వాక్యం అయింది. వెంకటరావమ్మ గారు లేచి మా ఇంట్లో కలబోసిన అన్నం సంగతి మొత్తం చెప్పారు. చర్చి అంతా ఏడ్చింది. నేను ముందు చాప మీద కూర్చుని నేల చూస్తున్నాను.

"ఆ పాప ఇక్కడే ఉంది. రామ్మా, ముందుకి రా. అమ్మమ్మా, మీరూ రండి."

ఇద్దరూ ముందుకు వచ్చారు. భవ్య బడి బట్టల్లోనే ఉంది. అయ్యగారు పిల్ల తల మీద చెయ్యి వేసి, దిక్కులేని ఈ బిడ్డకి నీవే దిక్కు తండ్రీ అని ప్రార్థన చేశారు. గోనెకి పువ్వుల దండ చుట్టారు. ఫోనులు పైకి లేచాయి. "అమ్మమ్మా, ఇటు చూడండి, గోనె మీద చెయ్యి వెయ్యండి," అని ఎవరో అన్నారు. వెంకటేశ్వరమ్మ చెయ్యి వేసింది. భవ్య నాకోసం వెతికి నా వైపు చూసింది. నేను నవ్వబోయాను. ముఖం కదల్లేదు.

వెంకటేశ్వరమ్మ దండ తీసి పక్కన పెట్టింది. గోనె నెత్తికెత్తుకుని, కుంటుకుంటూ, మా పేట మధ్యలోంచి డొంక దాటి వెళ్ళింది. రాత్రికల్లా ఆ ఫోటో అందరి ఫోనుల్లోకీ చేరింది. వాళ్ళ వీధిలోకి, బడిలోకి కూడా. రెండు రోజుల్లో భవ్యకి గోనె పిల్ల అని పేరు పడింది.

మూడో రోజు పొద్దున నేను వాకిలి ఊడ్వడానికి తలుపు తీస్తే గోనె మా అరుగు మీద ఉంది. కట్టిన ముడి విప్పలేదు. దాని మీద మేం ఎప్పుడో ఇచ్చిన చేట, తొడిమలు తీసేటప్పుడు వేళ్ళకి చుట్టుకునే గుడ్డ పీలికలు ఉన్నాయి. పీలికలు ఉతికి మడత పెట్టి ఉన్నాయి. చీపురు అక్కడే పడేసి డొంక దాటి పరిగెత్తాను. ఇంటికి తాళం. మొదటి బస్సుకి పిల్లని తీసుకుని ఒంగోలు పోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. అక్కడ ఒక పిల్లల హాస్టలు ఉంది.

గోనెని మా ఆయన చర్చికి మోసుకెళ్ళాడు. ఆ ఆదివారం వేలం వేశారు. కోళ్ళు పెంచే మనిషి తీసుకున్నాడు.

వెంకటేశ్వరమ్మ తిరిగి వచ్చిందని తెలిసిన సాయంత్రం వెళ్ళాను. పొయ్యి వెలిగించలేదు. గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి, "కూర్చో అమ్మాయ్," అని పీట జరిపింది. నేను ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు తెలీదనుకున్నారా మీరు? మీ అత్త బియ్యం మార్చిచ్చేదని నాకు మొదట్నించీ తెలుసు. మీ గంజి చూస్తే తెలీదా? మీ కంచాలు చూస్తే తెలీదా? గింజలు లేని చింతపండుకి కూలేంది, నాకు బుద్ధి లేదా?"

ఆమె జరిపిన పీట మీద కూర్చున్నాను.

"తెలిసీ తీసుకున్నా. ఎందుకంటే ఆమె నాకు తెలీదన్నట్టు ఇచ్చింది. నేను ఆమెకి తెలీదన్నట్టు తీసుకున్నా. నాలుగేళ్ళు అట్టా నడిపాం ఇద్దరం." వెలిగించని పొయ్యి వైపు చూసింది. "మీ వాళ్ళని తిట్టను. ఏడుస్తానే ఇచ్చారు. కాని పిల్లని దిక్కులేనిదన్నారు శాంతమ్మా. నేను దాని పక్కనే నిలబడి ఉన్నాగా."

"నేను అత్తయ్యలాగే ఇస్తానండీ. ఎవరికీ తెలియదు. పిల్లని తీసుకొద్దాం."

"అందరికీ తెలిసిపోయినాక ఇంకెట్టా ఇస్తావు? పిల్ల బడికి పోతే మూటలు చూపించి వెక్కిరిస్తన్నారంట. అక్కడైతే అందరూ అట్టాంటోళ్ళే. ఎవరూ ఎవరినీ అనరు."

లేచి ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి ప్రార్థనలో ఏం అడగాలో తోచలేదు. మంచివాళ్ళు, ప్రేమతో, నీ పేరు మీదే చేశారు ప్రభువా, నేనెవరి మీద నీకు చెప్పుకోను అన్నాను.

ఆగస్టులో పిల్లల్ని చూడనిచ్చే రోజున వెంకటేశ్వరమ్మతో నేనూ వెళ్ళాను. రమ్మని పిలవలేదు, వద్దనీ అనలేదు. అరిసెలు చేసి డబ్బాలో పెట్టుకున్నాను. హాస్టలు శుభ్రంగా ఉంది. వార్డెనమ్మ మర్యాదగా మాట్లాడింది. పిల్లలు చిక్కిపోయి లేరు. తప్పు పట్టడానికి అక్కడ ఏమీ లేదు. మేం వెళ్ళేసరికి అన్నం వేళ. గంట కొట్టారు. పిల్లలు స్టీలు పళ్ళేలు పట్టుకుని వరసలో వచ్చారు. భవ్య మధ్యలో ఉంది. జుట్టు కురచగా కత్తిరించారు. అంతమందికి జడలు ఎవరు వేస్తారు మరి. మమ్మల్ని చూసింది కానీ వరస వదిలి రాలేదు.

పెట్టించుకుని వచ్చి మా ముందు నేల మీద కూర్చుంది.

"ఎట్టా ఉందే అన్నం?" అంది వెంకటేశ్వరమ్మ.

"బాగానే ఉంటది అమ్మమ్మా. ఒకటే రకం." నా వైపు తిరిగి, "ఇక్కడ పలుకు దొరకదు ఆంటీ," అంది.

తర్వాత తల దించుకుని తినడం మొదలుపెట్టింది. గబగబా తింటోంది. అప్పుడు చూశాను నేను. ఎడమచెయ్యి పళ్ళెం చుట్టూ గోడలా పెట్టుకుంది. పిల్లి లేదు, కబుర్లు లేవు, గాల్లో తిరిగే చెయ్యి లేదు. నేను అరిసెల డబ్బా మూత తీశాను. పిల్ల ఒకటి తీసుకుని తినకుండా గౌను జేబులో దాచుకుంది.

వచ్చేటప్పుడు బస్సులో ఏ ఊరు దాటామో, ఏది వచ్చిందో కూడా నాకు తెలియలేదు. వెంకటేశ్వరమ్మ కిటికీలోంచి చూస్తూ, "చెయ్యి అట్టా అడ్డం పెట్టుకుని తింటందేందే అది? ముందు అట్టా తినేది కాదుగా," అంది.

"అత్తయ్య కూడా అలాగే తినేదండీ."

ఆమె నా వైపు తిరిగింది. నాలుగేళ్ళు మా అరుగు మీద కూర్చున్న మనిషికి అత్తయ్య తినే తీరు తెలియకుండా ఉంటుందా? ఎక్కడ నేర్చుకున్న అలవాటో మాత్రం తెలియదు. చెప్పాను. ఉప్పెన, బోర్డింగు, రేకు పళ్ళెం, అన్నీ చెప్పాను. కూతురు పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి, ముందు సీటు కమ్మీకి నుదురు ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను వీపు మీద చెయ్యి వేశాను. తోసేయలేదు.

మా ఊరి మలుపు దగ్గర దిగాక, డొంక దగ్గర విడిపోయేముందు ఆగింది. "దసరాకి సెలవులిస్తారంట," అంది.

"మా ఇంట్లో చింతపండు ఉందండీ," అన్నాను.

"గింజ తీసిందా, తియ్యందా?"

"తీసిందే."

నవ్వలేదు. తల ఊపి, కుంటుకుంటూ వెళ్ళిపోయింది. సెలవులయ్యాక పిల్ల మళ్ళీ ఆ గంటకే వెళ్ళాలి. అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

పోయిన ఆదివారం చర్చిలో వెంకటరావమ్మ గారు లేచి, వీరమ్మ గారు పోయాక బియ్యం చూసుకునే వాళ్ళు లేరని, కలబోసిన బియ్యం ఎవరికీ పనికి రావడం లేదని, ఇకనుంచి ఎవరికి తోచిన కానుక వాళ్ళు ఫోనులోనే వేసేద్దామని చెప్పారు. "ఈ శనివారం అందరూ కుండలు కడిగి బోర్లించేయండమ్మా," అన్నారు. ఆవిడ కళ్ళు నా వైపు రాలేదు. ఆ ఫోటో రోజు తర్వాత ఆవిడ కూడా సరిగా అన్నం తినడం లేదని వాళ్ళ కోడలు చెప్పింది.

ఇవాళ శనివారం. సాయంత్రం నీళ్ళకి వెళ్ళి వస్తుంటే మా పేటలో ప్రహరీల మీద, అరుగుల మీద, కడిగిన కుండలు బోర్లించి ఆరుతున్నాయి. చిన్న కుండలు, మసిబారినవి, ఒకటి రెండు అంచు విరిగినవి. దానయ్య గారింటి గోడ మీద కూడా ఒకటుంది.

ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించాను. ఎసరు పెట్టాను. డబ్బాలోంచి బియ్యం తీసి, పోసేముందు ఒక గుప్పెడు పట్టుకున్నాను. మా ఆయన గుమ్మంలోంచి చూస్తున్నాడు. "కుండ కడగాలన్నారుగా," అన్నాడు.

"ఆ," అన్నాను.

గుప్పెడు బియ్యం చిన్న కుండలో వేశాను. కుండ దించలేదు. కడగలేదు. కిటికీ కింద గూట్లో, అత్తయ్య పెట్టిన చోటే, నోరు పైకి పెట్టుకుని అలాగే ఉంది.